గుడ్డ కింద పాదాలు

దుబాయ్ వెళ్ళొచ్చానని తెలిసినప్పటి నుంచి మా వీధి వాళ్ళు అడిగేవి రెండే ప్రశ్నలు. ఆ ఎత్తయిన మేడ ఎక్కావా, బంగారం ఏం తెచ్చావు? ఎక్కలేదు, తేలేదు. అక్కడ ఐదు రోజులు తిరిగి నేను తెచ్చింది మా చెల్లెలు లూర్దమ్మని. దాన్ని తేవడానికే వెళ్ళాను. అయితే నా సొంత కక్కుర్తి ఒకటి కూడా పెట్టెలో పెట్టుకు వెళ్ళాను. దానివల్ల ఏం పోయిందో కూడా దాచకుండా రాస్తాను.

నా పేరు ఆరోగ్యం. వేళాంకణ్ణి మొక్కుకుని పెట్టిన పేరు. ముప్పై ఏళ్ళు డ్రాయింగ్ టీచరుగా చేశాను. మా గోదావరి లంక ఊళ్ళో ఆర్‌సీఎం చర్చి గోడ మీద ఒక పెద్ద బొమ్మ ఉంది. సిలువ మీంచి దించిన క్రీస్తు దేహాన్ని ఒళ్ళో పెట్టుకుని తల్లి ఏడుస్తున్న బొమ్మ. ఇరవై రెండేళ్ళ కిందట నేనే వేశాను. అప్పటి ఫాదర్‌గారు పాత పత్రికలోంచి చించిన కాగితం ఒకటి తెచ్చి, దీన్ని గోడ నిండా వెయ్యమ్మా అన్నారు. ఐదొందల ఏళ్ళ కిందట ఇటలీలో వేసిన చిత్రానికి నలుపు తెలుపు అచ్చు అది. తల్లి మరియమ్మ, వెనక యోహాను, కాళ్ళ దగ్గర వంగి మగ్దలేనా మరియమ్మ. కాగితం అడుగుభాగం మాత్రం చెదలు తినేసింది. మోకాళ్ళ కింద ఏమీ లేదు. మగ్దలేనా వంగిన వీపు కనిపిస్తుంది గాని, ఆమె చేతులు ఏం చేస్తున్నాయో తెలియదు.

రంగులు ఊహించుకున్నాను. కాళ్ళు ఊహించడం నా వల్ల కాలేదు. ప్రాణం లేని మనిషి కాళ్ళు ఎలా వాలిపోతాయో చూడకుండా ఎలా వేస్తాను? అందుకని లూర్దు మొగుడు రాయప్పని చర్చి బల్ల మీద పడుకోబెట్టాను. రొయ్యల చెరువుల దగ్గర ఇంజన్లు బాగుచేసేవాడు. ఒకసారి ఇంజన్ మీద పడి, కుడికాలి రెండో వేలు బొటనవేలి మీదికి ఎక్కి అలాగే ఉండిపోయింది. పడుకున్న ఐదు నిమిషాలకే గురక పెట్టాడు.

“శవం గురక పెట్టకూడదయ్యా” అన్నాను.

“మూడోనాడు లేస్తాడు గదా వదినా, అప్పుడు లేపు” అని మళ్ళీ పడుకున్నాడు.

అలా క్రీస్తుకి రాయప్ప కాళ్ళు వచ్చాయి, ఎక్కిన వేలుతో సహా. మా ఊళ్ళో గుడ్ ఫ్రైడే నాడు సిలువ ముద్దు అయ్యాక, ఆడవాళ్ళంతా ఆ గోడ దగ్గరికి వెళ్ళి ఆ పాదాల్ని చేత్తో తాకి కళ్ళకద్దుకుంటారు. ఎవరూ నేర్పలేదు, అదే మొదలైంది. అన్ని చేతులు తాకితే ఏ రంగు నిలుస్తుంది? ఏటా గుడ్ ఫ్రైడేకి ముందు వచ్చే తపస్సు కాలంలో ఆ పాదాలకి మళ్ళీ రంగు వెయ్యడం నా పని అయింది.

తర్వాత రాయప్ప అబుదాబిలో ముసఫ్ఫా గరాజ్‌కి, లూర్దు దుబాయ్‌లో ఇంటిపనికి వెళ్ళారు. పిల్లలు లేరు. కరోనా ఏడు రాయప్ప అక్కడి ఆసుపత్రిలో పోయాడు. రెండు ఊళ్ళ మధ్య దారి మూసేశారు. లూర్దు పనిచేసే ఇంట్లోంచి బయటికి రాలేకపోయింది. అక్కడే పాతిపెట్టారు. మనవాళ్ళు ఒక్కరూ ముఖం చూడలేదు. ఆ రోజు నుంచి నేను ఆ గోడ మీద కుంచె పెట్టలేదు.

అల్ కుసైస్

లూర్దు పనిచేసిన ఇంటివాళ్ళు దేశం మారుతూ దాన్ని సాగనంపేశారు. మంచివాళ్ళే, రావలసింది ఇచ్చి పంపారు. వీసా రద్దయింది. విమానం ఎక్కేదాకా దుబాయ్‌లోనే అల్ కుసైస్‌లో, మా గోదావరి ఆడవాళ్ళు పంచుకున్న ఒక గదిలో ఉంది. ఒక గదికి ఏడుగురు. మంచాలు ఒకదాని మీద ఒకటి. కింది మంచానికి చీర కట్టుకుంటే అదే గోడ. మా ఊళ్ళో ఆవులకి ఇంతకన్నా చోటు ఉంటుందని నోటిదాకా వచ్చి ఆపుకున్నాను. ఎందుకంటే ఆ గదిలోనే పప్పుచారు, ఎండుచేపల వేపుడు, గోంగూర పచ్చడితో నాకు అన్నం పెట్టారు. గోంగూర ఇక్కడే పెరుగుతుందట. కట్ట రెండు దిర్హాములు.

నేను లూర్దుని చూసిన వెంటనే చూసింది దాని మెడ. పుస్తెలు ఉన్నాయి. ఇన్నేళ్ళూ తియ్యలేదు. రాయప్ప పేరున పూజ పెట్టిద్దామని మేం ఎన్నిసార్లు ఫోన్ చేసినా పెట్టనివ్వలేదు.

“ఎల్లుండి కాక ఆ మర్నాడు విమానం” అన్నాను. “వెళ్ళే ముందు సమాధి చూద్దాం. మళ్ళీ ఇటు రావడం జరగదు.”

“ఎవరి సమాధి?” అంది.

“అదేం మాటే?”

“అక్కడ ఉన్నది ఆయనేనని ఎవరు చూశారు, చెప్పు. నువ్వు చూశావా? నేను చూశానా? గంగారాం చూశానన్నాడు. ఆడు చెప్పింది అబద్ధం.”

గంగారాం రాయప్ప గదిలో ఉండే జగిత్యాల మనిషి. ఆ రోజు లూర్దుకి ఫోన్ చేసి, ముఖం చూశాను వదినె, నీలం చొక్కాలో నిద్రపోయినట్టున్నడు అని చెప్పాడట. ఆ నీలం చొక్కా లూర్దు దగ్గరే ఉంది. బొత్తాం ఊడితే కుట్టమని అంతకు రెండు నెలల ముందు రాయప్పే ఇచ్చాడు. చెప్పి, మంచం కిందనుంచి పెట్టె లాగి చొక్కా తీసి నా ఒళ్ళో వేసింది. బొత్తాం కుట్టి ఉంది, ఇస్త్రీ చేసి ఉంది.

“చూడని మనిషి చూశానన్నాడు. అంటే అక్కడ ఏదో జరిగింది. శవాల సంచీలు మారలేదని నమ్మకం ఏంటి? ఆయన ఇంకెక్కడో ఉన్నాడేమో” అంది.

ఆ మాట రేపటి వంట గురించి చెప్పినంత మామూలుగా అంది. నా చెల్లెలు ఇన్నేళ్ళుగా మొగుడి కోసం ఎదురు చూస్తోంది. ఇలాగే ఊరికి తీసుకెళితే చచ్చేదాకా గుమ్మంలో కూర్చుంటుంది. గంగారాంని పట్టుకుని నిజం చెప్పించాలి, దీన్ని సమాధి దగ్గర నిలబెట్టాలి. నాకు ఉన్నది మూడు రోజులు.

ఖోర్ ఫక్కాన్

గంగారాం గరాజ్ వదిలేసి తూర్పు ఒడ్డున ఖోర్ ఫక్కాన్ రేవులో పని చేస్తున్నాడు. దారి పొడుగునా మొక్క మొలవని రాతికొండలు, వాటిని తొలిచిన సొరంగాలు. ఒక సొరంగం నుంచి బయటపడి ఇంక అయిపోయింది అనుకునేలోగా ఇంకోటి.  చివరి కొండ దాటాక ఒక్కసారిగా సముద్రం, రేవులో ఎర్రటి క్రేన్లు కనిపించాయి.

రేవు బయట చిన్న చాయ్ దుకాణంలో కూర్చున్నాం. యాలకులు వేసి చిక్కగా మరిగించిన చాయ్, కప్పు ఒక దిర్హాము. నడిపేది మలయాళీ. చాయ్ ఇస్తూ మా ముఖాలు చూసి, ఏం అడగకుండా రెండు పరాటాలు తెచ్చి పెట్టాడు. ఆ పరాటా మీద చీజు, దాని మీద చిప్స్ పొడి. ఎవరు కనిపెట్టారో గాని తినడానికి బాగానే ఉంది. లూర్దు ముట్టలేదు.

గంగారాం వచ్చాడు. నలభై ఐదేళ్ళు ఉంటాయి, పచ్చ రంగు పని బట్టలు, చేతిలో హెల్మెట్. వచ్చి నిలబడ్డాడు గాని కూర్చోలేదు.

“నీలం చొక్కా” అంది లూర్దు, సంచిలోంచి తీసి బల్ల మీద పెట్టి. “ఇది వేసుకుని ఉన్నాడన్నావు.”

గంగారాం చొక్కా వంక చూశాడు. పక్కనే ఒక ట్రైలర్ వెనక్కి తీస్తూ కూత పెడుతోంది. అది ఆగాక కూర్చున్నాడు.

“నేను జూడలే వదినె” అన్నాడు. “అబద్ధం జెప్పిన.”

 నేనే, ఎందుకు చెప్పావయ్యా అన్నాను. టీచరు గొంతే వచ్చింది, ఎంత ఆపుకున్నా.

“గప్పుడు ఏం జెప్పాలె టీచరమ్మా? ఫోన్ల వదినె ఒక్కటే అడుగుతుండె, ముఖం జూసినవా, ముఖం జూసినవా అని. జూడలే అంటె ఆమె పాణం ఏమైతదో అని భయమైంది. అన్నకు గా చొక్కా అంటె ఇష్టం. నోట్లె గదే వచ్చింది.”

“మరి ఏం చూశావు?” అంది లూర్దు.

“మా ముదీర్‌ను, గదే గరాజ్ మేనేజర్‌ను, బతిమాలితె ఒక్కన్ని పంపిండు. నేను గేటు లోపటికి పోయిన గని దగ్గరికి రానియ్యలే. రిబ్బన్ కట్టిండ్రు. తెల్ల సంచిల కట్టి తెచ్చిండ్రు. పేరు సదివిండ్రు. రాయప్ప అని సదివిండ్రు, గది నేను ఇన్న. దించెతానికి ముందు బండికెల్లి తీసి కింద వెట్టిండ్రు.” ఆగి హెల్మెట్ తిప్పుతూ కూర్చున్నాడు. “మీ కిరస్తానీలల్ల ఏం జేస్తరో నాకు ఎర్కలే. మా దిక్కు శవాన్ని నడుమ దింపుతరు వదినె. దింపుడుకల్లం అంటరు. చెవుల మూడుసార్లు పేరు వెట్టి పిలుస్తరు. లేస్తడేమో అని. అన్నకు ఎవ్వలు లేరాయె. రిబ్బన్ అవుతల నిలవడి నేనే పిలిచిన. రాయప్పన్నా అని మూడుసార్లు. గట్టిగ పిలిచిన. పోలీసాయిన నోరు మూయమన్నడు.”

దింపుడుకళ్ళం ఆశ అనే మాట నేను బడిలో వందసార్లు వాడి ఉంటాను. పరీక్ష తప్పే పిల్లల గురించి. ఒక మనిషి నిజంగా అలా పిలవడం వినడం అదే మొదటిసారి. నాకు ఏడుపు వచ్చింది. లూర్దుకి రాలేదు. దాని ముఖం గట్టిపడింది.

“లేచాడా?” అంది.

“లేదు వదినె.”

“సంచిలో ఎవరున్నారో నీకు తెలీదు. పేరు చదివారు, నువ్వు పిలిచావు. అంతేగా.”

“గంతే.”

లూర్దు చొక్కా మడత పెట్టి సంచిలో పెట్టింది. అబద్ధం ఒప్పుకుంటే మెత్తబడుతుందనుకున్నాను. ఇంకా ముడుచుకుపోయింది. గంగారాం మాతో బస్సుదాకా నడిచి వచ్చాడు. మర్నాడు సెలవు పెట్టి తనే అబుదాబి వస్తానని, సమాధి ఎక్కడుందో తనకి తప్ప ఇంకెవరికీ తెలియదని, వదినె రానంటే తను, నేను వెళ్దామని నాతో మెల్లగా అన్నాడు. బస్సు కదిలాక చాలాసేపటికి లూర్దు, కిటికీ వైపే తిరిగి, “వస్తాను. కాని అక్కడ ఏడవమని అడక్కు” అంది.

దీవి మీద మ్యూజియం

ఇప్పుడు నా కక్కుర్తి. నేను చెదలు తిన్న కాగితం చూసి వేసిన ఆ బొమ్మ అసలుది, యూరప్ నుంచి కొన్ని నెలల కోసం అబుదాబి మ్యూజియానికి వచ్చిందని ఊళ్ళో ఉండగానే ఫోన్లో చూశాను. చిన్న ఫొటో, చీకటిగా ఉంది. అడుగున ఏముందో తెలియలేదు. ఇరవై రెండేళ్ళుగా నన్ను తొలిచిన ప్రశ్న ఒకటే. ఆ కాళ్ళు అసలు చిత్రకారుడు ఎలా వేశాడు? మధ్యాహ్నం మూడున్నరకి శ్మశానం గేటు దగ్గర గంగారాం ఉంటానన్నాడు. గేటు ఐదింటికి మూస్తారు. దారిలో ఒక్క అరగంట మ్యూజియంలో ఆగుదామని లూర్దుని బతిమాలాను. అప్పటికి ఒంటిగంట.

టికెట్టు అరవై పైచిలుకు దిర్హాములు. “ఒక బొమ్మకా?” అంది లూర్దు. “మన గోడ మీద ఊరికే ఉందిగా.”

ఆ మ్యూజియం పైకప్పు పెద్ద గొడుగు. దాని సందుల్లోంచి ఎండ చుక్కలు చుక్కలుగా నేల మీద పడుతుంది, మన తాటాకు పందిట్లో పడినట్టే. కింద సముద్రపు నీళ్ళు. దానికోసం వచ్చిన వాళ్ళంతా ఫొటోలు దిగుతున్నారు. నేను వాళ్ళని తోసుకుంటూ లోపలి గదులకి పరిగెత్తాను.

చిత్రం ఒక చీకటి గదిలో ఒంటరిగా ఉంది. నేను అనుకున్నదానికన్నా చిన్నది. మా గోడలో సగం కూడా లేదు. మొదట రంగులు చూశాను. మగ్దలేనాకి నేను ఎర్రటి బట్ట వేశాను, అసలుదాంట్లో పాచి రంగు. తల్లికి నేను కన్నీళ్ళు పెట్టాను. ఇక్కడ తల్లి కళ్ళు పొడిగా ఉన్నాయి. నోరు మాత్రం కొంచెం తెరుచుకుని, ఏదో చెప్పబోయి ఆపినట్టు. నాకు సిగ్గేసింది. ఆ తల్లి ముఖం రెండు రోజులుగా నా పక్క సీట్లో కూర్చున్న ముఖం.

అప్పుడు కిందికి చూశాను. కాళ్ళు లేవు. ఉన్నాయి, కాని కనిపించవు. మగ్దలేనా ఆ పాదాల్ని తెల్లటి గుడ్డలో చుట్టి గుండెకి హత్తుకుంది. గుడ్డ మడతల కింద పాదాల ఆకారం తెలుస్తుంది, అంతే. ఒక్క వేలు కూడా పైకి లేదు.

ఇరవై రెండేళ్ళు. ఆ కాగితం బాగుంటే నేనూ గుడ్డే వేసేదాన్ని. రాయప్పని బల్ల మీద పడుకోబెట్టే పనే లేదు. నవ్వాలో ఏడవాలో తెలియలేదు. పెన్సిలు తీసి గీసుకోవడం మొదలుపెట్టాను. అక్కా వెళ్దాం అంది లూర్దు. ఇంకొంచెం అన్నాను. మళ్ళీ అంది. ఆ గుడ్డ మడతలు ఒక్కటే అన్నాను. మూడోసారి దాని గొంతు వినలేదు. వంచిన తల ఎత్తేసరికి రెండున్నర దాటింది. లూర్దు నా పక్కన లేదు. చిత్రానికి ముందు నేల మీద ఉన్న గీత దాటి, చెయ్యి చాపి నిలబడి ఉంది. వేళ్ళు సరిగ్గా ఆ గుడ్డ దగ్గర ఉన్నాయి.

గంట మోగింది. గంట అంటే గంట కాదు, సన్నటి కూత, చెవులు చిల్లులు పడేలా. నల్ల కోటు గార్డు, ఎత్తయిన ఆఫ్రికా అమ్మాయి, రెండంగల్లో వచ్చి లూర్దు మణికట్టు పట్టుకుంది. జనం చుట్టూ మూగారు. ఎవరో ఫోన్ పైకెత్తారు.  మా ఊళ్ళో అయితే ఆ పాదాల్ని తాకకపోతే తప్పు. ఇక్కడ తాకితే ఏం చేస్తారో నాకు తెలియదు.

మమ్మల్ని ఒక చిన్న గదిలో కూర్చోబెట్టారు. సంచులు, ఫోన్లు బల్ల మీద పెట్టించారు. లూర్దుని అక్కడి గుర్తింపు కార్డు అడిగారు. కార్డు లేదు, రద్దయింది. ఉన్నది వీసా రద్దు కాగితం, మర్నాడు ఉదయం విమానం టికెట్టు. ఆ కాగితం చూసి గార్డు ఎవరికో ఫోన్ చేసింది. నా ఫోను బల్ల మీద మోగుతూ జరుగుతోంది. తెర మీద గంగారాం పేరు. మూడున్నర, పావు తక్కువ నాలుగు, నాలుగు. ఎత్తనివ్వలేదు. ఒకవేళ తాకి ఉంటే పోలీసులు వస్తారని, వస్తే ఈ ప్రయాణం ఆగిపోతుందని మాత్రం నాకు అర్థమైంది. తాకావా అని లూర్దుని అడిగాను. “నాకు తెలీదు” అంది.

నల్ల అబాయాలో ఒక ఎమిరాతీ ఆవిడ వచ్చింది. ఆవిడే అక్కడ పెద్ద. నన్ను ఇంగ్లీషులో అడిగింది, ఎందుకు ముట్టుకోబోయింది అని. ఆమె చదువుకోలేదు, తెలియదు, పెద్దమనసు చేసుకోండి అని నేను మొదలుపెట్టాను. లూర్దు నన్ను ఆపేసి ఆవిడతో అరబ్బీలో మాట్లాడింది. పద్నాలుగేళ్ళు వాళ్ళ వంటింట్లో నేర్చిన అరబ్బీ. అంత పొడుగ్గా అది మాట్లాడడం నేను ఎప్పుడూ వినలేదు. ఒక్క ముక్క అర్థం కాలేదు. ఆవిడ ముఖం మాత్రం చూస్తూ కూర్చున్నాను. మొదట కోపంగా ఉంది. తర్వాత కుర్చీ లాక్కుని కూర్చుంది. తర్వాత లేచి పక్కగదిలో కెమెరా చూడడానికి వెళ్ళింది. ఆ ఇరవై నిమిషాలు నా జీవితంలో ఇంకెప్పుడూ వద్దు.

తిరిగొచ్చి బొటనవేలికి చూపుడువేలికి మధ్య సన్నటి సందు చూపించింది. తాకలేదు. గార్డు చేత ఒక కాగితం రాయించి మా ఇద్దరి చేత సంతకాలు పెట్టించింది. తనే ఒక నీళ్ళ సీసా తెచ్చి లూర్దు చేతిలో పెట్టి, భుజం మీద చెయ్యి వేసి, “ఖలాస్. యల్లా” అంది మెత్తగా, అయిపోయింది వెళ్ళండి అన్నట్టు. బయటికొస్తే నాలుగుంబావు.

“ఏం చెప్పావే ఆవిడతో?” అన్నాను.

“ఉన్నదే చెప్పాను. నా మొగుణ్ణి సంచిలో కట్టి పాతేశారమ్మా, ఆయన కాళ్ళు నేను చూళ్ళేదు, ఆ గుడ్డ కొంచెం జరిపి చూద్దామనుకున్నాను అని చెప్పాను.”

ముసఫ్ఫా దారిలో

టాక్సీ డ్రైవరు పఠాన్. ఐదుకి చేరాలి భాయ్ అంటే, ఇన్షా అల్లా అని నడిపాడు. ముసఫ్ఫా దగ్గరికి వచ్చేసరికి అన్నీ ఆగిపోయాయి. గరాజ్‌లు, ఫ్యాక్టరీలు వదిలే వేళ. కంపెనీ బస్సులు ఒకదాని వెనక ఒకటి, కిటికీలకి తలలు ఆన్చి నిద్రపోతున్న మనుషులు. రాయప్ప ఇక్కడ ఉన్నన్నేళ్ళలో ఎన్నిసార్లు ఇలాంటి బస్సులో ఇంటికి, అదే గదికి, వెళ్ళి ఉంటాడు. గంగారాం ఫోన్ చేస్తూనే ఉన్నాడు.

“అక్కా, యాడున్నరు? ఇంక పది నిమిషాలే ఉన్నది. వాచ్‌మన్‌ను మాటల వెట్టి ఆపుతున్న.”

“వస్తున్నాం, బస్సులు కదలట్లేదు.”

లూర్దు నన్ను ఒక్క మాట అనలేదు. అని ఉంటే బాగుండేది. తప్పు నాది. గుడ్డ మడతలు గీసుకుంటూ కూర్చున్నది నేను.

బనియాస్ వైపు, ఊరు అయిపోయి ఇసుక మొదలయ్యేచోట శ్మశానం. మేం దిగేసరికి ఐదుంబావు. గేటుకి తాళం పడింది. వాచ్‌మన్ సైకిల్ మీద వెళ్ళిపోతూ దూరంగా కనిపిస్తున్నాడు. గంగారాం గేటు పట్టుకుని నిలబడి ఉన్నాడు, కళ్ళు ఎర్రగా.

“ఎంత జెప్పినా ఇనలే వదినె. రేపు పొద్దుగాల ఎనిమిదికి తీస్తరట.”

రేపు పొద్దున ఎనిమిదికి మేం గాల్లో ఉంటాం. నేను అక్కడే ఇసుకలో కూలబడ్డాను. నా వల్లే అని పైకే అన్నాను. 

లూర్దు గేటు ఊచల దగ్గరికి వెళ్ళింది. “ఏ పక్క?” అని గంగారాంని అడిగింది.

“గా గోడ పక్కపొంటి. నాలుగో వరుస. సిమెంటు రాయి మీద నంబరుంటది.”

వరుసలు మాత్రమే కనిపిస్తున్నాయి, అన్నీ ఒకేలా. లూర్దు చీర కొంగు తల మీద వేసుకుంది. మా వైపు ఆడవాళ్ళు మొగుడి పేరు పలకరు. పెళ్ళయిన ఇరవై ఆరేళ్ళలో అది రాయప్ప పేరు పలకగా నేను వినలేదు. ఆయన అంటుంది, మీ మరిది అంటుంది, ఆసుపత్రి వాళ్ళు పేరు అడిగినా కాగితం చూపించేది. ఆ లూర్దు రెండు చేతులా ఊచలు పట్టుకుంది.

“రాయప్పా” అని పిలిచింది.

గొంతు సరిగా రాలేదు. దగ్గి మళ్ళీ పిలిచింది, ఈసారి గట్టిగా. మూడోసారి పిలిచినప్పుడు దూరంగా ఆ సైకిల్ ఆగింది. గంగారాం తల దించుకుని నిలబడ్డాడు. లూర్దు పిలిచి ఊరుకుంది. జవాబు కోసం ఆగే మనిషిలా తల ఒక పక్కకి వంచి చాలాసేపు నిలబడింది. తర్వాత, “పదక్కా” అంది. అప్పుడు కూడా ఏడవలేదు.

మా ఊరు

వచ్చిన మూడు వారాలకి తపస్సు కాలం మొదలైంది. లూర్దు ఇంట్లో పని చేస్తుంది, తింటుంది, గుమ్మం వైపు చూస్తుంది. పుస్తెలు మెళ్ళోనే ఉన్నాయి. అసలు చిత్రంలో పాదాలు గుడ్డలో ఉన్నాయని ఇప్పటి ఫాదర్‌గారికి చెబితే, అయితే సరిదిద్దండి టీచరుగారూ, ఎలాగూ రంగు పోయిందిగా అన్నారు. చూస్తానండీ అన్నాను. తెల్లరంగు కొన్నాను కూడా. కొని బల్ల కింద పెట్టేశాను.

గుడ్ ఫ్రైడేకి ముందు బుధవారం రంగులు, కుంచెలు తీసుకుని చర్చికి వెళ్ళాను. ఈ నాలుగేళ్ళలో అన్ని చేతులూ తాకి తాకి గోడ మీద పాదాలు దాదాపు పోయాయి. మడమలు ఉన్నాయి, వేళ్ళ చోట సున్నం తేలింది. ఎక్కిన వేలు ఏ కాలిదో, ఎంతవరకు ఎక్కేదో గుర్తు చేసుకోబోతే నాకు తెలియలేదు. భయం వేసింది. లూర్దుని పిలవనంపాను. వస్తుందనుకోలేదు. చేతులు తుడుచుకుంటూ వచ్చి నా వెనక నిలబడింది.

“ఏ కాలే?” అన్నాను.

“కుడికాలు. నీకు గుర్తులేదేంటి?”

వేశాను.

“అంత తిన్నగా కాదు. ఇంకా ఎక్కాలి. గోరు పక్కకి ఉంటుంది. నల్లగా. ఆ గోరు మళ్ళీ రాలేదుగా.”

నల్లరంగు కలిపి గోరు వేశాను. మడమ పగుళ్ళు రెండు చెప్పింది, వేశాను. చీలమండ మీద సైలెన్సర్ కాలిన మచ్చ చెప్పింది. అది నాకు అసలు తెలియదు, ఇరవై రెండేళ్ళ కిందటి బొమ్మలో లేదు, ముసఫ్ఫాలో కాలిందట. అదీ వేశాను. వేసి పక్కకి జరిగాను.

లూర్దు వంగి ఆ గోరు దగ్గరగా చూసింది. తర్వాత మోకాళ్ళ మీద కూర్చుంది.

“ఆయనే అక్కా” అంది. “ఆయనే.”

రెండు చేతులూ ఆ పాదాల మీద పెట్టి, నుదురు గోడకి ఆన్చి ఏడవడం మొదలుపెట్టింది. ఇన్నేళ్ళ ఏడుపు, చర్చి అంతా వినబడేలా. రంగు ఇంకా ఆరలేదని చెప్పడానికి నాకు నోరు రాలేదు.